ఆల్బుకర్కీ దగ్గర వాల్‌మార్ట్ లాట్‌లో ఆర్వీతో ఒక రాత్రి: అనుమతి, చలి, బ్యాటరీ లెక్క

డాలస్ దగ్గరి ఫ్రిస్కో నుంచి అక్టోబర్ రెండో వారంలో 25 అడుగుల అద్దె ఆర్వీతో (పడకలూ వంటగదీ టాయిలెట్టూ ఉన్న ఇల్లులాంటి బండి) గ్రాండ్ కాన్యన్‌కు బయలుదేరుతున్నామనీ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలూ ఇద్దరు పిల్లలూ వెంట ఉంటారనీ, రెండో రాత్రి న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీలో ఏదైనా వాల్‌మార్ట్ పార్కింగ్ లాట్‌లో ఉచితంగా ఆపుకొని నిద్రపోవచ్చా అనీ మీరు అడిగారు. ఏ వాల్‌మార్ట్‌లోనైనా ఆర్వీ ఆపుకోవచ్చని ఆఫీసులో ఎవరో చెప్పారని కూడా రాశారు. మొదట అద్దె బండ్లతో, తర్వాత సొంత బండితో పదకొండేళ్ళుగా ఆ దారిలోని ఐ-40 హైవే మీద తిరుగుతున్నవాడిగా నా సమాధానం ఇది: ఒక రాత్రికి ఆపుకోవచ్చు, పెద్దవాళ్ళతో కూడా ఆపుకోవచ్చు, కాని ఆల్బుకర్కీలో ఆపవద్దు, ఊరు దాటి మరో గంటంబావు నడిపి గ్రాంట్స్ చేరుకోండి. ఎందుకో, ఎలాగో వివరంగా రాస్తాను.

ముందుగా ఆ 'ఏ వాల్‌మార్ట్‌లోనైనా' అన్న మాట సంగతి. వాల్‌మార్ట్ మొదటి దుకాణం 1962లో ఆర్కన్సాలోని రోజర్స్ అనే చిన్న ఊళ్ళో తెరిచారు. తమాషా ఏమిటంటే, డబ్బు తీసుకొని ఆర్వీలకు చోటిచ్చే కేఓఏ క్యాంప్‌గ్రౌండ్ల సంస్థ కూడా అదే ఏడాది మోంటానాలోని బిల్లింగ్స్‌లో మొదలయింది. విశాలమైన లాట్లు, హైవే పక్కన చోటు, రాత్రి ఖాళీగా పడి ఉండే స్థలం, పైగా బండి ఆపినవాడు పాలకూ రొట్టెకూ లోపలికి వచ్చి నలభై డాలర్ల సరుకు కొనుక్కుపోవడం, ఇవన్నీ కలిసి వాల్‌మార్ట్‌కు ఆ పేరు తెచ్చాయి. మన హైవే పక్కన ధాబా ముందు లారీలు నిలిపి, తిని, అక్కడే పడుకోవడం లాంటిదే ఇది. ధాబావాడు చోటుకు డబ్బు అడగడు, భోజనానికి అడుగుతాడు. అయితే కంపెనీ మాటను జాగ్రత్తగా చదివితే అందులో హక్కు ఎక్కడా లేదు. ఆర్వీ ప్రయాణికులను తాము మంచి ఖాతాదారులుగా భావిస్తామనీ, వీలున్నచోట ఆపుకోనిస్తామనీ, ఆ అనుమతి లాట్‌లో చోటునూ స్థానిక చట్టాన్నీ బట్టి ఏ స్టోర్ మేనేజర్‌కు ఆ స్టోర్ మేనేజరే ఇస్తారనీ మాత్రమే అందులో ఉంది.

కాబట్టి మేనేజర్ సరేనన్నా అనుమతి రాకపోవడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి, ఆ నగరం లేదా కౌంటీ ఆర్డినెన్సు. క్యాంప్‌గ్రౌండ్‌లో తప్ప మరెక్కడా వాహనంలో నిద్రించకూడదని చాలా ఊళ్ళలో నిబంధన ఉంది. ఇళ్ళు లేక బండ్లలోనే కాలం గడిపేవాళ్ళు పెరగడం, చెత్త, స్థానిక క్యాంప్‌గ్రౌండ్ యజమానుల ఫిర్యాదులు దీని వెనుక ఉంటాయి. రెండోది, ఎక్కువమందికి తట్టనిది, లీజు. షాపింగ్ సెంటర్‌లో భాగంగా ఉన్న స్టోర్‌కు లాట్ సొంతం కాదు, అది స్థలయజమానిది. టోయింగ్ కంపెనీతో ఒప్పందం కూడా ఆ యజమానిదే అయివుంటుంది గనుక లోపల మేనేజర్ నవ్వుతూ 'ఆపుకోండి' అన్నా బయట బండిని లాక్కుపోవడానికి అది అడ్డం కాదు. ఈ రెండు చిక్కులూ నగరం నడిబొడ్డుకు దగ్గరయ్యేకొద్దీ పెరుగుతాయి, చిన్న ఊళ్ళలో తగ్గుతాయి. ఉచితంగా రాత్రి గడపడానికి ముందు ఎంచుకోవలసింది స్టోరును కాదు, ఊరిని.

ఇక ఆల్బుకర్కీ సంగతి. 1972 నుంచి జరుగుతున్న బెలూన్ ఫియెస్టా, అంటే వేడిగాలి బెలూన్ల పండుగ, అక్టోబర్ మొదటి శనివారం మొదలై తొమ్మిది రోజులు ఉంటుంది. మీరు వెళ్ళే వారంలో దాని చివరి రోజులు తగిలితే క్యాంప్‌గ్రౌండ్లన్నీ నిండి, చోటు దొరకని ఆర్వీలన్నీ లాట్ల మీద పడతాయి. అలాంటప్పుడు ఎంత మంచి మేనేజరైనా కాదనే అంటారు. అంతకంటే ముఖ్యమైనది వాహన దొంగతనాలు. 2016, 2017 సంవత్సరాల్లో జనాభా దామాషాలో అమెరికా నగర ప్రాంతాలన్నిటిలోకీ ఎక్కువ వాహనాలు పోయింది ఆల్బుకర్కీలోనే. తర్వాత పరిస్థితి కొంత మెరుగుపడినా ఆ పేరు పూర్తిగా పోలేదు. మన పాస్‌పోర్టులూ, అమ్మగారి మందులూ, లాప్‌టాప్‌లూ అన్నీ ఒకే పెట్టెలో పెట్టుకొని తిరిగే బండి ఆర్వీ. ఊరు చూడాలనుకుంటే పగలు చూసుకొని సాయంత్రానికి దాటిపోండి.

దూరాల లెక్క కూడా నా మాటకే మొగ్గుతుంది. డాలస్ వైపు నుంచి 287 హైవే మీదుగా అమరిల్లో 360 మైళ్ళు, అది మొదటి రోజు. అమరిల్లో నుంచి ఆల్బుకర్కీ 285 మైళ్ళు, అక్కడి నుంచి గ్రాంట్స్ మరో 78. అంటే రెండో రోజు కూడా దాదాపు 360 మైళ్ళే అవుతుంది. గ్రాంట్స్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు, సౌత్ రిమ్ చేరడానికి మూడో రోజు సుమారు 330 మైళ్ళు. మూడు రోజులూ సరిసమానంగా పడతాయి. ఆల్బుకర్కీలో ఆగితే ఆ 78 మైళ్ళూ మూడో రోజు మీద పడి, పెద్దవాళ్ళతో కొండల్లోకి చీకటిపడ్డాక చేరవలసివస్తుంది. గ్రాంట్స్ ఐ-40 మీద 85వ ఎగ్జిట్ (హైవే నుంచి దిగే దారి) దగ్గర ఉంది, అక్కడ వాల్‌మార్ట్ ఉంది. ఒకప్పటి యురేనియం గనుల ఊరు, ఇప్పుడు నిద్రపోతున్న ఊరు. మనకు కావలసింది కూడా అదే కదా.

వాల్‌మార్ట్ వారు కుదరదంటే ఏమిటి దారి అన్నది ముందే చూసుకోవాలి. గ్రాంట్స్‌కు 17 మైళ్ళు ముందు, 102వ ఎగ్జిట్ దగ్గర, ఆకోమా ప్యూబ్లో తెగవారి స్కై సిటీ కాసినో, దాని పక్కనే ట్రక్ స్టాప్, డబ్బు తీసుకునే ఆర్వీ పార్కు ఉన్నాయి. 140వ ఎగ్జిట్ దగ్గర, ఆల్బుకర్కీకి ఇరవై మైళ్ళ పడమర, లగూనా ప్యూబ్లో వారి రూట్ 66 కాసినో కూడా అలాంటిదే. ఇవి గిరిజన తెగల సొంత పాలనలోని నేలలు గనుక నగర ఆర్డినెన్సులు అక్కడ వర్తించవు. ఎక్కడ ఆపాలో, డబ్బు కట్టాలో లేదో అక్కడి సెక్యూరిటీని అడిగి చెప్పినచోట ఆపండి. కాసినో అనగానే నాన్నగారు ముఖం చిట్లించవచ్చు గాని, రాత్రంతా దీపాలూ కాపలా ఉండే చోటు, లోపలికి వెళ్ళాలన్న నిర్బంధమేమీ ఉండదు. ట్రక్ స్టాపులలో మాత్రం ట్రక్కుల కోసం గీసిన పొడవైన గళ్ళలో ఆపవద్దు. సరుకు ట్రక్కు డ్రైవరు 11 గంటలు నడిపాక చట్టప్రకారం 10 గంటలు ఆగితీరాలి. మనం ఆ గడి ఆక్రమిస్తే అతడు రోడ్డు వార నిద్రపోవలసివస్తుంది. ఆర్వీలకు విడిగా చోటుంటే అక్కడే ఆపాలి. ఇంతకు ముందు ఎక్కడైనా బాగా అలసిపోతే, టెక్సస్ రెస్ట్ ఏరియాలలో గుడారం వేయకుండా 24 గంటల దాకా ఆగవచ్చు. అన్ని రాష్ట్రాలూ ఒకటి కాదు, కాలిఫోర్నియాలో అది 8 గంటలే.

ఫోన్ ఎప్పుడు, ఎలా చేయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని పని మొత్తం అక్కడే ఉంది. వారం ముందు చేసిన ఫోనుకు విలువ లేదు. అదే రోజు మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు, మీరు ఆల్బుకర్కీ దాటకముందే చేయండి. ఫోన్ ఎత్తినవారిని కాక మేనేజర్‌ను అడగండి. 'క్యాంపింగ్' అన్న మాట నోట రానివ్వవద్దు. చట్టాలు నిషేధించేది ఎక్కువగా ఆ మాటతోనే. 'ఇరవై అయిదు అడుగుల ఆర్వీ, ఒక్క రాత్రి పార్కింగ్, ఉదయం ఏడింటికి వెళ్ళిపోతాం, ఏ వైపు ఆపమంటారు' అని అడగండి. ఏ వైపు అన్న ప్రశ్నకు వెంటనే జవాబు వచ్చిందంటే ఆ స్టోరులో ఆర్వీలు ఆగడం మామూలేనని అర్థం. తర్వాత రెండు ప్రశ్నలు: లాట్ మీదేనా, రాత్రి తిరిగే సెక్యూరిటీ మీవాళ్ళా బయటి కంపెనీవాళ్ళా. చెప్పినవారి పేరూ, సమయమూ కాగితం మీద రాసుకోండి. వెళ్ళాక బోర్డులు చదవండి. ఫోన్‌లో సరేనని, స్తంభం మీద 'రాత్రి పార్కింగ్ నిషేధం, టో చేయబడును' అని ఉంటే లోపలికి వెళ్ళి మళ్ళీ అడగవలసిందే.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం. నైరుతి రాష్ట్రాలలోనే ఒక నగరం శివార్లలో, ఒక పెద్ద దుకాణంవారు ఫోన్‌లో సరేనన్నారని మా అత్తగారినీ మామగారినీ వెంటబెట్టుకొని ఆగాము. రాత్రి పన్నెండున్నరకు టార్చిలైటు వెలుగు కిటికీ మీద పడి, తలుపు మీద దబదబ చప్పుడు. మామగారు దొంగలనుకొని 'ఎవర్రా అది' అని గట్టిగా అరిచేసరికి పక్క బండిలోని కుక్క అందుకుంది. సెక్యూరిటీ అతను మర్యాదగానే మాట్లాడాడు. లాట్ స్టోరుది కాదనీ, పది నిమిషాల్లో కదలకపోతే టో ట్రక్కును పిలవవలసివస్తుందనీ చెప్పాడు. ఫోన్‌లో సరేనన్నది ఎవరని అడిగితే నా దగ్గర పేరు లేదు. దుప్పట్లు కప్పుకొని కూర్చున్న పెద్దవాళ్ళతో నలభై నిమిషాలు నడిపి మరో చోటికి చేరాము.

చోటు దొరికాక లాట్ అంచున, తలుపులకు దూరంగా, సరుకు ట్రక్కులు వెనుకకు వెళ్ళే దారికి అడ్డం రాకుండా, లేచి తాళం తిప్పగానే నేరుగా ముందుకు పోయేలా బండి నిలపండి. డ్రైవర్ సీటు మీద సామాను పెట్టవద్దు; అర్ధరాత్రి కదలవలసివస్తే బయటికి దిగకుండానే సీట్లోకి చేరుకోగలగాలి. వెనుక తగిలించి లాగే ట్రెయిలర్‌లో లేని ఈ వసతి, డ్రైవర్ క్యాబిన్, గది కలిసే ఉన్న మీ క్లాస్ సి రకం బండిలో ఉంది. చుట్టూ బండ్ల మధ్య శీతల ట్రక్కు ఉంటే దాని కూలింగ్ యంత్రం రాత్రంతా గుర్రుమంటూనే ఉంటుంది, దూరం జరగండి. ఆనింగ్ (బండి పక్కన పరిచే నీడ గుడ్డ) తెరవడం, కుర్చీలు వేయడం, గ్రిల్ వెలిగించడం, బండిని సమంగా నిలిపే జాకులు దింపి తారు నొక్కిపెట్టడం కూడదు. స్లైడ్ అవుట్ (గది వెడల్పు కోసం బయటికి జరిగే భాగం) గడ్డివైపు ఉంటే తప్ప తీయవద్దు. న్యూ మెక్సికోలో గాలి విపరీతం. వదిలేసిన షాపింగ్ కార్టులు గాలివాలుకు వాటంతటవే దొర్లుకుంటూ వస్తాయి. ఒకసారి అర్ధరాత్రి ఒంటిగంటకు బండి డొక్కకు ధన్‌మని కొట్టుకున్నది కార్టే. పడుకోబోయే ముందు చుట్టుపక్కల కార్టులను వాటి కొట్టంలోకి తోసివస్తే మీకు నిద్ర, వాళ్ళకు సాయం. తెల్లవారుజామున ఊడ్చే బండి తిరుగుతుంది, అది వేరే చప్పుడు, కంగారుపడవద్దు.

పాత సలహాలు చదివి చాలామంది పొరబడేది ఇక్కడ: వాల్‌మార్ట్ ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉంటుంది, బాత్రూము అక్కడే అనుకుంటారు. 2020లో కోవిడ్ వచ్చినప్పటి నుంచి ఆ రోజులు పోయాయి. స్టోర్లు సాధారణంగా రాత్రి 11కు మూసి ఉదయం 6కు తెరుస్తున్నారు. నాన్నగారు రాత్రి రెండుసార్లు లేచేవారైతే బండిలోని టాయిలెట్టే గతి, కాబట్టి మురుగు ట్యాంకు ఖాళీగా ఉండేలా అమరిల్లోలోనే చూసుకోండి. నడవలో చిన్న బ్యాటరీ దీపం ఒకటి వెలిగించి ఉంచండి. అక్కడి మెట్టు చీకట్లో కనిపించదు.

చలి విషయం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఉచిత రాత్రి చెడిపోయేది ఎక్కువగా దీనివల్లే. గ్రాంట్స్ దాదాపు 6,500 అడుగుల ఎత్తున ఉంది. అక్టోబర్ నడిమికి తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గరికి దిగుతుంది. బండిలో హీటర్ ప్రొపేన్ గ్యాస్‌తో నడుస్తుంది గనుక కరెంటు అక్కర్లేదని అనుకుంటారు. గ్యాస్ వేడినే ఇస్తుంది, ఆ వేడిని గదిలోకి తోసే ఫ్యాను బ్యాటరీతో నడుస్తుంది. అది తిరిగినప్పుడు 7, 8 ఆంపియర్లు లాగుతుంది. రాత్రి పది గంటల్లో మూడోవంతు సమయం తిరిగినా 25 ఆంపియర్-అవర్లు (ఆంపియర్లను గంటలతో హెచ్చవేసిన లెక్క). నీళ్ళ పంపు, దీపాలు, గ్యాస్ లీకు అలారం, ఫ్రిజ్ లోపలి బోర్డు కలిసి మరో పది, పదిహేను. అద్దె బండిలో తరచు ఉండేది 75, 80 ఆంపియర్-అవర్ల మామూలు లెడ్ బ్యాటరీ ఒక్కటే, దానిలో సగం వరకే వాడుకోవాలి. లెక్క సరిగ్గా అంచు మీద నిలుస్తుంది. బ్యాటరీ నీరసపడితే ఫ్యాను మెల్లగా తిరుగుతుంది. తగినంత గాలి రాకపోతే గ్యాస్ వెలగకుండా ఆపే చిన్న స్విచ్ ఒకటి హీటర్ లోపల ఉంది, అది అడ్డుపడుతుంది. నాలుగు గంటల వేళ చల్లటి గాలి మాత్రం వస్తూ అందరూ వణుకుతూ లేచేది అందుకే. హీటర్ చెడిపోయిందని అద్దె కంపెనీకి ఫోన్ చేసేవాళ్ళను చూశాను.

దీనికి మందు సులువే. బండి ఇచ్చేటప్పుడు బ్యాటరీలు ఒకటా రెండా అడగండి. పగలు ఆరేడు గంటలు నడిపితే ఇంజనే వాటిని నింపుతుంది. థర్మోస్టాట్‌ను 15 డిగ్రీల దగ్గర, అంటే ఇక్కడి లెక్కలో 60 ఫారెన్‌హీట్ దగ్గర పెట్టి, మందపాటి రజాయిలు రెండు ఎక్కువ తీసుకెళ్ళండి. డ్రైవర్ క్యాబిన్‌కూ వెనుక గదికీ మధ్య తెర వేయండి, చలి ఎక్కువగా ఆ ముందు అద్దం నుంచే వస్తుంది. జెనరేటర్‌ను రాత్రి పడుకొనే ముందు ఒక గంట వేయవచ్చు, పక్కవాళ్ళు లేకపోతే. నిద్రపోతూ మాత్రం వేయవద్దు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన ఉండదు. ఇంకో సంగతి, జెనరేటర్ తాగేది బండి పెట్రోలే, ట్యాంకు పావు వంతుకు దిగితే ఆగిపోతుంది. అద్దె కంపెనీలు జెనరేటర్ గంటలకు విడిగా డబ్బు తీసుకోవడం కూడా మామూలే, కాగితాలు చూసుకోండి.

వంట గురించి మీరు అడగలేదు, అయినా అమ్మగారు వెంట ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. కరెంటు రైస్ కుక్కర్, మైక్రోవేవ్ ఆ లాట్‌లో జెనరేటర్ లేకుండా పని చేయవు. గ్యాస్ పొయ్యి మీద పెట్టే ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్ళండి. అంత ఎత్తున నీళ్ళు దాదాపు 93 డిగ్రీలకే మరుగుతాయి గనుక మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతకీ మెత్తబడదు. పోపు మాత్రం మధ్యాహ్నమే రెస్ట్ ఏరియాలో పెట్టేసుకోండి. ఎండుమిర్చి ఘాటుకు పొగ అలారం మోగితే ఆ బుల్లి పెట్టెలో చెవులు గింగురుమంటాయి. రాత్రి పదింటికి వాల్‌మార్ట్ లాట్‌లో అది మోగించిన ఘనత మా ఇంటికి దక్కింది. రాత్రికి పెరుగన్నం, ఆవకాయ చాలు. గిన్నెలు కడిగిన నీళ్ళైనా సరే లాట్‌లో వదలకూడదు, చట్టరీత్యా తప్పు, పైగా తర్వాత వచ్చే ఆర్వీలకు ఆ చోటు మూసేయించేవి ఇలాంటివే. ట్యాంకులు ఖాళీ చేయడానికి పెద్ద ట్రక్ స్టాపులలో కొన్నిచోట్ల డబ్బు తీసుకొనే డంప్ స్టేషన్లుంటాయి.

మూడు రాత్రులూ ఉచితంగా గడపాలనే పంతం మాత్రం వద్దు. మొదటి రాత్రి అమరిల్లోలో కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టం అన్నీ తగిలించుకొనే ఆర్వీ పార్కులో డబ్బు కట్టి ఉండండి. యాభై డాలర్లకు అటూ ఇటూ అవుతుంది. కొత్త బండిలో ఏది ఎక్కడుందో, ఏది పని చేయడంలేదో తెలిసేది ఆ రాత్రే, తెలియవలసింది కూడా అక్కడే గాని లాట్‌లో కాదు. గ్రాండ్ కాన్యన్ దగ్గర పార్కు లోపల ఉచితంగా రాత్రి ఆపుకొనే వీలు లేదు. మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో 30 అడుగుల దాకా బండ్లు పడతాయి గాని కరెంటు కనెక్షన్లు లేవు. చలికి పెద్దవాళ్ళతో అయితే కనెక్షన్లున్న ట్రెయిలర్ విలేజ్ నయం. రెండూ ముందే బుక్ చేసుకోవాలి, అక్టోబర్‌లో చోట్లు త్వరగా పోతాయి. పార్కు పక్కనున్న టుసాయాన్ ఊరి బయట కైబాబ్ నేషనల్ ఫారెస్ట్‌లో 14 రోజుల దాకా ఉచితంగా ఉండవచ్చన్నది నిజమే, కాని అవి మట్టి దారులు. అద్దె ఒప్పందాలు చాలావరకు మట్టి దారులను నిషేధిస్తాయి, అక్కడ దిగబడితే లాగించుకొనే ఖర్చు మీదే.

గడియారాలు కూడా చూసుకోండి. టెక్సస్ దాటి న్యూ మెక్సికోలోకి రాగానే ఒక గంట వెనక్కి జరుగుతుంది, కాబట్టి అమరిల్లోలో ఎనిమిదింటికి బయలుదేరినా గ్రాంట్స్‌కు వెలుతురుండగానే చేరతారు. అరిజోనా వేసవి సమయం పాటించదు, అక్టోబర్‌లో అక్కడ ఇంకో గంట వెనక. దారిలో నవాహో తెగవారి సొంత పాలనలోని నేల, నవాహో నేషన్ మాత్రం పాటిస్తుంది గనుక ఫోన్‌లో టైము అటూ ఇటూ గెంతవచ్చు. ట్రెయిలర్ విలేజ్ వారికి చేరే వేళ చెప్పేటప్పుడు అరిజోనా టైములోనే చెప్పండి.